మా బావ కట్టుకున్న మూడు దిబ్బలు

మా బావకి మనుషుల మొహాలు గుర్తుండవు. స్కీలు చూపిస్తే మాత్రం ఇవి ఫలానా ఆయనవని ఠక్కున చెప్పేస్తాడు. మా మంచుకొండ కింద, జారడానికి కాళ్ళకి కట్టుకునే ఆ స్కీలు అద్దెకిచ్చే షాపు ఉంది. దాని వెనకగదిలో ఇరవై రెండేళ్ళుగా ఆయన చేసే పని అదే. పొడవాటి బల్ల మీద స్కీని బోర్లా పడుకోబెట్టి, లైటు కిందికి లాక్కుని, అంచులకి పదును పెడతాడు, గీతలు పూడుస్తాడు, వేడి ఇస్త్రీపెట్టెతో మైనం పట్టిస్తాడు. తల వంచాడంటే మధ్యాహ్నం దాకా ఎత్తడు. పెళ్ళయిన కొత్తలో మా అక్కని కూడా బూట్లు చూసే గుర్తుపట్టేవాడని మేం తెగ ఏడిపించేవాళ్ళం.

మా కొండకి ఎడంపక్కన దిబ్బల దారి ఉంది. స్కీల మీద జనం తిరిగిన చోటల్లా మంచు కోసుకుపోయి, నడుమెత్తు దిబ్బలు వరసగా లేస్తాయి. పుస్తకాల్లో మోగల్స్ అని రాస్తారు, మాకవి దిబ్బలే. మోకాళ్ళు ముడుస్తూ, చాపుతూ, దిబ్బకో మలుపు తిరుగుతూ దిగాలి. ఏడో దిబ్బ దాటాక దారి ఇరుకవుతుంది. అక్కడ పల్చటి మంచు కింద ఒక రాతి అంచు ఉంది. ఎంత మొనగాడు దిగినా అది తగలక మానదు. ఎడమ స్కీ అడుగున, సరిగ్గా మడమ ఉండే చోట, వేలెడు గీత పడుతుంది. సీజన్లో బావకి సగం పని ఆ గీతలు పూడ్చడమే.

పూడ్చి ఊరుకుంటే ఏ గొడవా లేకపోను. కౌంటరు దగ్గరికొచ్చి సలహాలు కూడా ఇచ్చేవాడు మహానుభావుడు!

"కాళ్ళ ముందున్న దిబ్బని చూడకండి సార్, మూడో దిబ్బని చూడండి. చేతులు ముందుండాలి, ట్రే పట్టుకున్నట్టు. దిబ్బ లేస్తుంటే మోకాళ్ళు పైకి రానివ్వండి, పల్లంలోకి దిగుతుంటే కాళ్ళు చాపండి. అంతే, నీళ్ళు తాగినంత సులువు."

వాళ్ళు వెళ్ళి అలాగే దిగి, సాయంత్రం వచ్చి చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పేవాళ్ళు. అలా అలా ఆయన పేరు గురువుగారయింది. నేను కొండ కింద గేటు దగ్గర టికెట్లు చూస్తాను. పైకెళ్ళినవాళ్ళు ఏ దారిన దిగుతారో నాకేం తెలుసు? బావ కూడా సెలవు రోజుల్లో స్కీలు భుజాన వేసుకుని వెళ్ళేవాడు కాబట్టి, దిబ్బలే దిగుతున్నాడనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు.

మా అక్క కూతురికి పదమూడేళ్ళు. పిడుగు అంటాం. పేరుకి తగ్గ పిల్లే. బడి అవగానే షాపుకొచ్చి, తండ్రి పక్కన స్టూలేసుకుని పని చూస్తుంది. రెండేళ్ళ నుంచి దానికి ఒకటే పట్టుదల, కొండ మీది పిల్లల టీములో చేరాలని. ఆ టీముకో పద్ధతి ఉంది. పరీక్ష రోజున ఇంట్లోవాళ్ళు ఒకరు ముందు దిబ్బల దారి దిగాలి, పిల్ల వెనకాలే అదే జాడలో దిగాలి. దారి ఎంచుకోవడం ఇంకొకరి వెనక వెళ్తేనే వస్తుందంటుంది కోచ్. పెద్దవాళ్ళు పడి పిల్ల దాటి ముందుకొస్తే, ఆ పరీక్ష పోయినట్టే. ఆ పరీక్షకి పేరిచ్చే కాగితంలో పిడుగు వెనకా ముందూ చూడకుండా నాన్న పేరు రాసేసింది.

ఆ మర్నాడు బావ నా గేటు దగ్గరికొచ్చాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"మరదలా, నేనెప్పుడూ దిగలేదే."

"ఎక్కడ?"

"దిబ్బల దారి. ఒక్కసారి కూడా."

"మరి ఇన్నాళ్ళూ జనానికి చెప్పిందంతా?"

నన్ను వెనకగదిలోకి తీసుకెళ్ళి, బల్ల కింద నుంచి మూడు పుస్తకాలు తీశాడు. అద్దెకి వచ్చినవాళ్ళెవరో షాపు బీరువాల్లో మర్చిపోయి వెళ్ళినవి. ఒకదానికి అట్ట లేదు. ఒకటి పిల్లలకి బొమ్మలతో రాసింది. మూడోదే అసలైంది, కానీ ఎప్పుడో తడిసి నాలుగో అధ్యాయం అట్టకట్టుకుపోయింది. ఆ అధ్యాయం పేరు 'ఆగడం ఎలా'. చెప్తే నమ్మరు, ఉన్నచోటే కూలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మొదట్లో భయమేసింది, మెత్తటి వాలులోనే తిరిగాను. తర్వాత గురువుగారన్నారు. ఇంక అప్పుడు పడితే నలుగురూ చూస్తారని భయం. ఇప్పుడు పిడుగుకి తెలిస్తే దాని ముందు తలెత్తుకోలేనే."

ఆ మాటకి నా నవ్వు ఆగిపోయింది. "నేను నేర్పిస్తా, రా బావా, నాకొచ్చుగా," అన్నాను.

"మరదలి దగ్గర పాఠాలా? ఇంకేమన్నా ఉందా! జన్మంతా దెప్పుతావు. పుస్తకాలున్నాయిగా."

దెప్పేదాన్నే, అబద్ధమెందుకు.

ఇంక ఆరు వారాలు మా అక్క ఇంట్లో చూడాలి! నడవాలో దిండ్లు వరసగా పేర్చి, మేజోళ్ళతో వాటి మీద మోకాళ్ళు ముడుస్తూ, చాపుతూ నడిచేవాడు. చేతులు ముందుండాలని ట్రేలో నిండు టీ కప్పులు పెట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. "ట్రే పట్టుకుని ఊరేగడమే గానీ ఒక్క కప్పు నా చేతికి రాదే," అని అక్క నాతో మొర పెట్టుకుంది. నడుం నొప్పికి కసరత్తని చెప్పాట్ట. పిడుగు సోఫాలో కూర్చుని హోంవర్కు రాసుకుంటూ చూసేది, ఏమీ అనేది కాదు.

తెల్లారగట్ల షాపు వెనక ఖాళీ స్థలంలో పారతో మంచు పోగేసి దిబ్బలు కట్టుకున్నాడు. పుస్తకంలో ఇచ్చిన ఎత్తూ, మధ్య ఎడమూ టేపుతో కొలిచి మరీ కట్టాడు. వాటి మీద ఎన్ని వందలసార్లు దిగాడో. నేను డ్యూటీకి వస్తూ చూసేదాన్ని. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. చివరి వారానికి మా టీములో పిల్లలకన్నా చక్కగా దిగాడు. స్థలం చాలక మూడే కట్టాడని నేను చూశాను, కానీ ఏం ఆలోచించానో ఏమో, నా బుర్రకి ఏమీ తట్టలేదు.

పరీక్ష రోజు సెలవు పెట్టి, పైన మూడో దిబ్బ పక్కన నిలబడ్డాను. కోచ్ పేర్ల కాగితం పెట్టిన అట్ట పట్టుకుని నా పక్కనే ఉంది. బావ బయల్దేరాడు, పిడుగు వెనకాలే. మొదటి దిబ్బ, మోకాళ్ళు పైకి. పల్లం, కాళ్ళు చాచాడు. చేతులు ముందుకి, ట్రేలో చుక్క టీ ఒలకనట్టు. రెండు, మూడు. "గురువుగారా మజాకా!" అంది కోచ్.

నాలుగో దిబ్బ వచ్చింది. ఆయన ఎప్పుడూ నాలుగో దిబ్బ ఎక్కలేదు. చూడటానికి ముందింకా మూడు కాదు ముప్ఫై ఉన్నాయి. అయినా ఇరవై రెండేళ్ళ అలవాటు, మెడ వంగిపోయింది. కళ్ళు సొంత స్కీల మీదకి దిగాయి. అంతే, పల్టీ కొట్టి పల్లంలో పడ్డాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

పిడుగు సర్రున ఆగింది. బావ మోకాళ్ళ మీద లేచి, "నువ్వు వెళ్ళమ్మా... అయ్యో, వెళ్ళకు, దాటితే పోతుంది. నా వల్ల పాడైపోయింది," అంటున్నాడు. అలా పసిపిల్లాడిలా కంగారుపడటం నేనెప్పుడూ చూడలేదు.

"లే నాన్నా. కిందికి చూడకు. నన్ను చూడు," అంది పిడుగు. అని, ఆయన్ని దాటి ముందుకొచ్చి, మెల్లగా దిగడం మొదలెట్టింది. కోచ్ కాగితం మీద గీత కొట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయి ఏదో అనబోయాను. ఈలోగా బావ లేచాడు. కూతురి వీపు మీంచి కళ్ళు తిప్పకుండా, చేతులు ఎలా ఉన్నాయో మోకాళ్ళు ఎలా ఉన్నాయో పట్టించుకోకుండా, వంకరటింకరగా కిందిదాకా దిగాడు. ఆగడం తెలీక, కింద ఎదురుచూస్తున్న మా అక్కని గుద్ది ఆగాడు. మా అక్క తిట్టిన తిట్లు కొండంతా వినబడ్డాయి.

సాయంత్రం నలుగురం వెనకగదిలో ఉన్నాం. బావ స్టూలు మీద తల దించుకుని, "నేను మోసం చేశానమ్మా. నాకు రాదు. ఎప్పుడూ దిగలేదు," అన్నాడు.

"తెలుసు," అంది పిడుగు.

"ఎప్పుడు తెలిసింది?"

"నాకు పదకొండేళ్ళప్పుడు. గీత ఉన్నవాళ్ళే దిబ్బలు దిగినవాళ్ళని నువ్వేగా చెప్పావు. నీ స్కీకి ఎప్పుడూ గీత లేదు."

"పూడ్చుకున్నాననుకోవచ్చుగా?"

"పూడిస్తే మచ్చ ఉంటుంది నాన్నా. నాకు తెలీదా?"

మా అక్కకీ నాకూ తెలియనిది, స్టూలు మీద కూర్చునే పిల్లకి తెలుసు. రెండేళ్ళు కడుపులో దాచుకుంది.

"మరి నా పేరెందుకు రాశావే తల్లీ? మీ పిన్ని పేరు రాసుంటే ఈపాటికి టీములో ఉండేదానివి."

"పిన్నితో ఎప్పుడైనా దిగొచ్చు," అంది అది. "నువ్వు నా కోసమైతేనే దిగుతావు. నాకు నీతో దిగాలనుంది. అంతే. పరీక్ష వచ్చే నెలలో మళ్ళీ ఉందిగా."

బావ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు. పిడుగు తండ్రి ఎడమ స్కీ తీసి బల్ల మీద బోర్లా పెట్టి, లైటు కిందికి లాగింది. మడమ చోట వేలెడు గీత, కొత్తది, తెల్లగా ఉంది. అది పూడ్చడానికి, కరిగించి పోసే ప్లాస్టిక్ కడ్డీ వెలిగించబోతే బావ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అందరివీ పూడుద్దాం. అది ఉండనీ."

మర్నాడు పొద్దున్న నేను డ్యూటీకి వచ్చేసరికి, షాపు వెనక ఉన్న పాత చెక్కపెట్టెలన్నీ పక్కకి నెట్టేసి చోటు చేశారు. బావ పారతో నాలుగో దిబ్బ కడుతున్నాడు. పిడుగు అయిదోది కడుతోంది.