జామ మొక్క కింద సంచి

మొన్న పొద్దున కడియంలోని మా నర్సరీలో మొక్కలు తడుపుతుంటే ఫోనొచ్చింది. కాలేజీలో నాకు కెమిస్ట్రీ చెప్పిన మేడం గారు పోయారట. నీళ్ల ట్యూబు వదిలేసి ముందు గట్టు పక్కనున్న జామ మొక్క దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ చేసిన చివరి సంచి దాని కిందే ఉంది.

రిటైరయ్యాక కూడా కుదురుగా కూర్చునే మనిషి కారు. మొక్కలకు మేం వాడే నల్ల ప్లాస్టిక్ కవర్లు చూస్తే ఆవిడకు ఒళ్లు మండేది. మట్టిలో కలిసిపోయే సంచి చేస్తానని కర్రపెండలం పిండి జావ కాచి, ఆత్రేయపురంలో పూతరేకులు తీసినట్టే బోర్లించిన కుండ మీద పొరలు తీసేవారు. వట్టి పిండి పొర ఆరితే పెళుసు. పెట్రోలియం నుంచి వచ్చే మందు కాస్త కలిపితే మెత్తబడుతుంది. ఆవిడ ఒప్పుకుంటేగా!

"సంచి పోయి, అందులో కలిపింది మట్టిలో మిగిలితే ఏం లాభమమ్మా? ఇల్లు ఊడ్చి చెత్త మంచం కిందకి తోసినట్టు!"

ఆ మందు బదులు ఆముదం కలిపి తంటాలు మొదలుపెట్టారు. మొదటి సంచులు లారీకెత్తుతుంటే వాన తగిలి చేతుల్లోనే చిరిగిపోయాయి. తర్వాతివి మొక్కతో సహా నేలలో పాతినా ఎంతకీ చెక్కుచెదరలేదు. "ఇది సంచి కాదే తల్లీ, మొండిఘటం," అని తిట్టుకుంటూ మళ్లీ కుండ బోర్లించారు.

ఆవిడ అసలు జబ్బు ఓపిక లేకపోవడం. ఆదివారం చర్చి నుంచి సరాసరి వచ్చి "ఏమ్మా, చూద్దామా?" అనేవారు. నేను వద్దనేలోపే మంచి చీర కొంగు దోపుకుని తవ్వేసేవారు. చూసి, మట్టి కప్పి, మొక్కను తట్టి "ఏమనుకోకే" అనేవారు. అలా కదిపితే వేరు పట్టేదెలా? సగం మొక్కలు ఆవిడ ఆత్రానికే పోయాయి.

ఈ చివరి సంచి వానకు నిలిచింది. నేలలో కరుగుతుందా లేదా అన్నదే తేలాలి. వానలు వెళ్లేదాకా ముట్టుకోనని ఆవిడ దగ్గర మాట తీసుకున్నాను.

"సరేలేమ్మా. నేను లేకుండా నువ్వు తవ్వావో, ఊరుకోను!"

ఆ తర్వాతా ప్రతి ఆదివారం వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని మొక్క చుట్టూ తిరిగి వెళ్లిపోయేవారు. జన్మలో మొదటిసారి ఓపిక పట్టారు, చూడకుండానే పోయారు. ఇది నాకు మింగుడుపడటం లేదు.

ఆవిడను సాగనంపి వచ్చాక నేనూ ఆగలేకపోయాను. వానలింకా వెళ్లలేదు. చేత్తోనే తవ్వాను. సంచి అడుగుభాగం ఎక్కడా లేదు. మిగిలిన ముక్క పట్టుకోగానే చితికిపోయింది. అది ఉన్నచోట తెల్లటి వేళ్లు బయటికి పాకి ఉన్నాయి.

"మేడం గారండీ!" అని అరిచేశాను.

గట్టు మీద ఎవరూ లేరు. కళ్లు తుడుచుకుని మట్టి కప్పాను. మొక్కను తట్టి, "ఏమనుకోకే" అన్నాను.