సైకిల్ షెడ్డు గోడా, కోటయ్య ఉద్యోగమూ

1985 మార్చిలో నన్ను నూజివీడు సెక్షనుకి ఓవర్సీరుగా వేశారు. ప్రభుత్వ భవనాల మరమ్మతులకు అంచనాలు వేయడం, పని దగ్గరుండి చూడడం, కొలతలు రాయడం ఓవర్సీరు పని. ఆడమనిషి ఓవర్సీరేమిటని ఆఫీసులో కొందరు నోరు వెళ్ళబెట్టారు. వాళ్ళ ఆశ్చర్యం తీరేదాకా ఆగే ఓపిక నాకు లేదు.

మా ఆవరణలో సైకిల్ షెడ్డు వెనకవైపు ఉండేది. దాని చుట్టూ కొత్తగా మనిషెత్తు గోడ కట్టారు. మామిడి సీజనులో ఆఫీసు పనులకొచ్చే రైతులూ, ఎదురుగా ప్యాకింగు షెడ్డులో పనిచేసే కూలీలూ ముసునూరు, బాపులపాడు వైపు నుంచి సైకిళ్ళ మీద వచ్చి అక్కడే పెట్టుకునేవారు. గోడ లేచాక దొంగతనాలు తగ్గకపోగా పెరిగాయి. అప్పట్లో తాళమంటే వెనకచక్రానికి ఉండే రింగు తాళమే. ఆ చక్రాన్ని కాస్త ఎత్తిపట్టుకుని నడిపించుకుపోతే, గోడ చాటున అడిగే దిక్కెవరు?

నింద మాత్రం వాచ్‌మన్ కోటయ్య మీద పడింది. అతను ఎన్.ఎం.ఆర్. మనిషి, అంటే మస్టరులో పేరుండే రోజుకూలీ. విచారణ అక్కర్లేదు, రేపట్నుంచి రావద్దంటే అయిపోతుంది. ఇంకొక్క సైకిలు పోతే పేరు కొట్టేస్తానని డిప్యూటీ ఇంజనీరుగారు అందరి ముందూ అన్నారు. ఆయన్ని మేం డి.ఇ.గారు అనేవాళ్ళం. ఆ మధ్యాహ్నం కోటయ్య క్యారేజీ మూత తియ్యలేదు.

నాకు ఒళ్ళు మండింది. కోటయ్యని కూర్చోమన్నది ముందు గేటు దగ్గర. అక్కడి నుంచి షెడ్డులో ఏం జరిగినా కనపడదు. సైకిళ్ళను రోడ్డు వైపున్న ఖాళీ స్థలంలోకి మార్చి, ఫ్రేములోంచి గొలుసు వేసుకోవడానికి నేలలో ఇనప పైపు పాతుదామని అంచనా వేసి పట్టుకెళ్ళాను. డి.ఇ.గారు దాన్ని పక్కన పడేశారు.

"ముందు సైకిళ్ళు పెడితే ఆఫీసులా ఉంటుందా అమ్మా, సంతలా ఉంటుంది గానీ! గోడే ఇంకో రెండడుగులు లేపుదాం" అన్నారు. ఆ గోడ డ్రాయింగు ఆయనదే.

ఆయనకు ముసునూరు దగ్గర మామిడితోట ఉంది. "మీ తోటలో కాపలావాడి పాక చుట్టూ గోడ కట్టించారా సార్?" అని అడిగాను. పక్కనున్న గుమస్తా ఫైలులో తల దూర్చేశాడు. డి.ఇ.గారు నన్ను వెళ్ళమన్నారు.

సైకిళ్ళు షెడ్డులోనే పెట్టాలని రూలేమీ లేదు. ఆ సంగతి ప్యాకింగు మేస్త్రీ ఏసుబాబు చెవిన వేశాను. "అయితే ముందే పెడతామండీ. మా సైకిలు మా కళ్ళెదుట ఉంటే ఎవరికేం నొప్పి?" అన్నాడు. మర్నాడు పొద్దున వరండా ముందు సైకిళ్ళన్నీ ఒకదానికొకటి గొలుసులతో కట్టేసి ఉన్నాయి. టీ బండి ఆవిడా, పంక్చర్లేసే అతనూ, మామిడి గంపల మూతులు కుట్టే ఆడవాళ్ళూ ఒక మాట అనుకున్నారు. ఎవరైనా వెనకచక్రం పైకి లేపితే కేక వెయ్యాలి, అంతే. దారి లేక డి.ఇ.గారి జీపు గేటు దగ్గరే ఆగింది. దిగి నడిచొచ్చి, అవన్నీ బయట పారెయ్యమని కోటయ్య మీద అరిచారు. కోటయ్య నా వంక చూశాడు. "ముట్టుకోకు కోటయ్యా!" అన్నాను, అందరికీ వినపడేలా. సైకిళ్ళు అక్కణ్ణుంచి కదల్లేదు.

వారం తిరక్కుండా ఇస్త్రీ బట్టల పెద్దమనిషొకడు గొలుసు వెయ్యని సైకిలు చక్రం లేపాడు. "ఓరి నీ దుంపతెగ! ఎవరి సైకిల్రా అది?" అని టీ బండి ఆవిడ కేకేసింది. గంపలు వదిలి ఆడవాళ్ళు వచ్చిపడ్డారు. వాడు సైకిలొదిలేసి మైలవరం రోడ్డున పడ్డాడు. ఆ సైకిలు మా గుమస్తాది. ఆ సాయంత్రం నా అంచనాని వెతికి మళ్ళీ పైకి పెట్టింది ఆయనే. అంతమంది దొంగని కళ్ళారా చూశాక డి.ఇ.గారు కాదనలేకపోయారు. పైపు పాతారు. ఆ సీజనులో మరో సైకిలు పోలేదు, కోటయ్య పేరు మస్టరులోనే ఉంది.

డి.ఇ.గారు ఊరుకోలేదు. అనుమతి లేకుండా జనాన్ని ఎగదోశానని, సంజాయిషీ అడుగుతూ నాకు మెమో ఇచ్చారు. పొరపాటైందని ఒక్క ముక్క రాస్తే మూసేస్తారని గుమస్తా నచ్చజెప్పాడు. తప్పు గోడది, వాచ్‌మన్‌ది కాదు అని రాసి సంతకం పెట్టాను. ఇంక్రిమెంటు ఆపారు.

డ్రాయింగులో తప్పుంటే శిక్ష జారి జారి అందరికంటే తక్కువ జీతగాడి మీద పడుతుంది. మధ్యలో ఎవరో ఒకరు అడ్డం నిలబడాలి. ఆ సంజాయిషీ మళ్ళీ రాయమంటే ఈ రోజుకీ అదే రాస్తాను.