ఎర్ర బొట్టు గంపలో నా తిరుపతి ప్రయాణం

ఈ టీ గ్లాసు మీద ఒట్టు గిరిజమ్మా, నేను చెప్పబోయేదాంట్లో గోరంత కల్పన కూడా లేదు. ఉంటే నా రెండో కాలు కూడా పడిపోనీ! పోయిన శుక్రవారం తిరుపతికని బయల్దేరి, మామిడికాయల్లో మామిడికాయనై చిత్తూరులో దిగినాను. నవ్వుతావేం? టీ ఒలికిపోతాది, గ్లాసు కింద పెట్టి విను.

తుంటి విరిగినప్పట్నించి వడ్రంగి ఆచారి చేసిచ్చిన చక్రాల పలకే గదా నా బండి. దానిమీద స్టేషన్ దాకా దొర్లుకుంటా పోతాను. తంటా అంతా ఆడికి పోయినాకనే. ప్లాట్‌ఫారం యాడుండాది, రైలు మెట్టు యాడుండాది! మధ్యలో ఏడు కొండలూ తెచ్చి పెట్టినా ఇంకా జానెడు సందు మిగులుతాది. పోయినేడు ఇద్దరు కిందనుంచి తోసి, ఒకరు పైనుంచి లాగి నన్ను ఎక్కించబోయేలోగా విజిల్ ఊదేసినారు. నా చేతిసంచి మాత్రం తిరుపతికి పోయింది. నేను ఇంటికొచ్చినాను.

అట్లని ఊరకుండలేను. తిరుపతిలో మా చెల్లెలు చెంగమ్మ ఉండాది. దానికి చూపు పూర్తిగా పోయింది. అది ఒంటరిగా రాలేదు, నేను రైలు ఎక్కలేను. మధ్యలో ఉండేది రెండు గంటల ప్రయాణం. ఆ రెండు గంటలు దాటలేక ఆరేండ్లయింది. జాబు రాద్దామంటే దానికి ఇంకెవరో చదివి వినిపించాల. అక్కాచెల్లెళ్ల తిట్లు పరాయి నోటితో చదివిస్తే ఏం రుచి చెప్పు?

మన పాకాల స్టేషన్లో పోర్టరు మునస్వామి లేడూ, వాడు ఉపాయం చెప్పినాడు.

"అవ్వా, ఇది మామిడి సీజను. గంపలెత్తే వాళ్లు నలుగురుండారు. నువ్వు ఖాళీ గంపలో కూసో. నిన్నూ నీ పలకనూ రైలు చివర సామాన్లేసే గార్డు పెట్టెలో పెట్టించేస్తా. టిక్కెట్టు మాత్రం తీసుకో."

"నేనేమన్నా కాయనా రా?"

"కాయవెందుకవుతావు? ఊరగాయవి!"

వాడి నోట్లో మన్ను పడ! సరే, వస్తాండానని చెల్లెలికి కార్డు రాయించినాను. శుక్రవారం పొద్దున్నే పోయినాను. మునస్వామి నాకు ఒక గంప చూపించి, "దీంట్లో కూసో అవ్వా, గార్డయ్యతో మాట్లాడొస్తా" అన్నాడు. దానిమీద సున్నం గుర్తు. పోతా పోతా గంపలెత్తే వాళ్లతో, "ఆ గంపలో అవ్వను ఎక్కించండప్పా" అని కేకేసినాడు.

నేను ఆ సున్నం గంపను చూసినాను. బోసి మొగంతో ఉండాది. పక్కనే ఇంకో ఖాళీ గంప. నడిమధ్యన రూపాయి బిళ్లంత ఎర్ర బొట్టు! పెండ్లికూతురి మాదిరి మెరిసిపోతాండాది. మా ఆయన పోయి పదేండ్లు. నా నుదురు ఎట్లాగూ బోసే, నేను కూసునే గంపకైనా బొట్టు ఉండనీలే అని దాంట్లోకి జరిగి, పలకను ఒళ్లోకి లాక్కున్నాను. ఎండకు తలమీద గుడ్డ కప్పుకున్నాను.

ఆ గుర్తుల సంగతి నాకు తర్వాతనే తెలిసింది. సున్నం గుర్తుంటే తిరుపతి బండికి. ఎర్ర గుర్తుంటే కాట్పాడి మీదుగా మద్రాసుకు. ఎత్తేవాళ్లు గుర్తును బట్టే బండి ఎక్కిస్తారు, గంపలో కాయుండాదా అవ్వుండాదా వాళ్లకొకటే!

నలుగురూ వచ్చి "ఏయ్, ఎత్తప్పా!" అని ఒక్క ఊపులో లేపినారు. అబ్బా, ఎంత ఎత్తు! స్టేషన్ పెంకులు కనిపించినాయి, సిగ్నలు చెయ్యి అందింది, ఇంకొంచెం లేపితే కార్వేటినగరం కోట కూడా కనిపించేది.

"ఏ రైలప్పా ఇది?" అని అడగాల్సింది. మాట నోటిదాకా వచ్చింది. అడగలేదు. నిద్రపోయినానని మునస్వామికి చెప్పినాను గానీ నీతో నిజం చెప్తా. మా ఆయన పోయినాక, తోసేదానికో లాగేదానికో తప్ప నన్ను ఇంకో మనిషి చెయ్యి తాకింది లేదు. ఆ పొద్దు ఒక్కసారే ఎనిమిది చేతులు! ఒకాయన "గట్టిగా పట్టుకో అవ్వా, భయపడొద్దు" అన్నాడు. ఇంకొంచెం సేపు మోస్తే బాగుండునని నోరు మూసుకున్నాను.

తిరుపతి దోవలో వచ్చే చంద్రగిరి కోట కోసం చూస్తాంటే చిత్తూరు బోర్డు వచ్చింది.

"యాడికి పోవాలవ్వా?" అన్నాడు గార్డు.

"తిరుపతికి నాయనా."

"ఇది కాట్పాడి బండి గదా!"

గంపతో సహా దించేసినారు. తిరుగు బండి వచ్చేదాకా మామిడి గంపల నడుమ కూసున్నాను. ఎవరో వ్యాపారి వచ్చి, కాయ ఎట్లుండాదో చూద్దామని నా తలమీది గుడ్డ ఎత్తినాడు.

"పులుపు నాయనా, కొనొద్దు" అన్నాను.

ఆయన ఎగిరి దూకిన దూకుకు కాణిపాకంలో పడుంటాడు!

సాయంత్రానికి ఇల్లు చేరినాను. ఊరంతా నవ్వింది, నేనూ నవ్వినాను. నిన్న చెల్లెలి పక్కింటామె రాసిన కార్డు వచ్చింది. చెంగమ్మ ఆ పొద్దు ఆమె తోడుతో పోయి తిరుపతి ప్లాట్‌ఫారం మీద నిలబడిందంట. దిగినోళ్ల అడుగుల చప్పుడు వినపడితే చాలు, "అక్కా" అని చెయ్యి చాపిందంట. అందరూ పోయినాక కూడా చెయ్యి దించలేదంట. నేను ఈడ గాల్లో ఊరేగిన పొద్దు, అది ఆడ గాల్లో చెయ్యి చాపుకొని ఉండాది.

అందుకే ఈ పొద్దు పోయి స్టేషన్ మాస్టరును పట్టుకున్నాను. వాలుగా వేసేదానికి పొడుగాటి చెక్క ఒకటి చేయించి తెస్తే స్టేషన్లోనే పెట్టిస్తానన్నాడు. దానిమీద నా చక్రాలతో నేనే గార్డు పెట్టెలోకి ఎక్కేస్తాను. చంకకర్రలతో నడిచే మన ఊరి టైలరుకూ పనికొస్తాది.

లే గిరిజమ్మా, గ్లాసు నేను కడుక్కుంటా. ఆచారి అంగడి మూసేలోపల పోయి ఆ చెక్క సంగతి చెప్పు. ఇద్దరు పట్టేంత వెడల్పుండాల అని చెప్పు, తిరిగొచ్చేటప్పుడు నాతో వచ్చే చెంగమ్మ నా భుజం పట్టుకొని దిగుతాది. ఇంకోమాట, దానికి ఎర్ర రంగు మాత్రం పూయొద్దని గట్టిగా చెప్పు. పూసినాడంటే ఈసారి నేరుగా మద్రాసులో తేలతాను!