గేటు కనబడితే ఆగే గుర్రం

మాకు రెండు గుర్రాలున్నాయంటే భవానీపురంలో ఇప్పటికీ కొందరు నమ్మరు. అపార్ట్‌మెంట్‌లో వాటిని ఎక్కడ కట్టేస్తారండీ అని లిఫ్టులో అడిగినవాళ్లున్నారు. అవి ఉండేది చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే మా బావమరిది పొలంలో. పశువుల కొట్టంలో ఒక పక్క వాటికి చోటిచ్చి, మేతా నీళ్లూ అతనే చూస్తాడు. శనివారం పొద్దున్నే నేనూ మా ఆవిడా కారులో వెళ్లి, జీన్లు వేసి, దగ్గర్లోని సరుగుడు తోటల్లో తిరిగి, భోజనాల వేళకి వాళ్లింటికి చేరతాం.

నాది మగగుర్రం. గోధుమ రంగు. దారిలో ఏ ఆకు కనబడినా రుచి చూడందే కదలదు. నాకూ తొందరేమీ ఉండదు కాబట్టి మా ఇద్దరికీ పొత్తు కుదిరింది. మా ఆవిడది తెల్ల ఆడగుర్రం. విజయవాడలో చాలా ఏళ్లు పెళ్లికొడుకుల్ని మోసింది. ఇప్పుడు వాళ్లంతా టాపు లేని కార్లు అడుగుతున్నారని బ్యాండుమేళం ఆయన దాన్ని వదిలించుకుంటుంటే, మా ఆవిడ ముచ్చటపడి తెచ్చుకుంది.

తెచ్చుకున్న కొత్తలోనే, ఒకరోజు అది నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. మా ఆవిడ ఆగలేదు. దాని మెడ మీదుగా వెళ్లి ముందు పడి, భుజం ఎముక విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక డాక్టరు ఇక ఎక్కొచ్చన్నాడు గానీ, ఆవిడే ఎక్కలేదు. శనివారాలు వచ్చి, దాని జూలు దువ్వి, బెల్లం ముక్క పెట్టి, కుర్చీలో కూచునేది. ఈ మధ్య ఒక శనివారం మాత్రం జీను వెయ్యమంది.

"ఇవాళ తోట ఆ చివరిదాకా వెళ్లగలిగితే సరే. లేదంటే దీన్ని బాగా చూసుకునేవాళ్లకి ఇచ్చేద్దామండీ. నేను భయపడుతుంటే దానికి తెలిసిపోతోంది," అంది.

దాన్ని ఇచ్చేస్తే ఆవిడ ఎంత దిగులు పడుతుందో నాకు తెలుసు, ఆవిడ తమ్ముడికీ, అంటే మా బావమరిదికీ తెలుసు. అందుకే వద్దన్నా వినకుండా అతను మోపెడ్ వేసుకుని మా వెనకే బయల్దేరాడు. నీళ్ల సీసా, కాఫీ ఫ్లాస్కుతో పాటు బ్యాండేజీ చుట్ట కూడా సంచిలో వేసుకున్నాడు. ఎందుకు తమ్ముడూ అది అని మా ఆవిడ అంటే, నీ కోసం కాదక్కా, బావగారి కోసం అన్నాడు.

సరుగుడు తోటలో నడక హాయిగా ఉంటుంది. రాలిన ఆకు పరుపులా పేరుకుని గిట్టల చప్పుడే వినబడదు. పైన గాలి హోరు, ఎక్కడో మేకల మెడల్లో గంటలు. చెట్ల వరసల మధ్య ఎండ చారలుగా పడుతుంది. మా ఆవిడ మొదట కర్రలా బిగుసుకుని కూచుంది గానీ, కాసేపటికి భుజాలు కిందికి దిగాయి. పక్క తోటలో ఎవరో కొత్తగా మోటారు వేయించినట్టున్నారని కూడా అంది. మాటలు వస్తున్నాయంటే భయం తగ్గినట్టేననుకున్నాను.

సరిగ్గా అప్పుడే దారి పక్కన జీడిమామిడి తోట గేటు వచ్చింది. తెల్లగుర్రం ఆగింది.

మా ఆవిడ రెండు చేతులతో జీను పట్టుకుంది. పడలేదు గానీ మొహం పాలిపోయింది. దిగు, నేను నడిపిస్తానన్నాను. తమ్ముడు ఒక పుల్ల విరిచాడు. ఆవిడ ఒక్క చూపు చూస్తే దాన్ని పారేశాడు. గుర్రం మాత్రం గేటు వైపే చూస్తూ, ముందు కాలు కాస్త చాచి, మర్యాదగా నిలబడింది.

"నేను పడ్డది కూడా గేటు దగ్గరే కదండీ," అంది మా ఆవిడ నెమ్మదిగా. "ఇది మొండికెయ్యడం లేదు. నీళ్లు పోస్తారని చూస్తోంది."

నాకు అర్థం కావడానికి కొంచెం టైమ్ పట్టింది. పెళ్లి ఊరేగింపు వస్తే, గుమ్మంలోకి ఆడవాళ్లు వచ్చి హారతి పడతారు, గుర్రం కాళ్ల దగ్గర చెంబుడు నీళ్లు పోస్తారు. అది అయితేనే ఊరేగింపు కదిలేది. పాపం, దాని ఉద్యోగమే అది. మనిషిని ఎక్కించుకున్నాక గేటు దాటిపోవడం దానికి తెలియదు.

దిగి, సీసాలో నీళ్లన్నీ దాని కాళ్ల ముందు పోశాను. అది తల వంచి వాసన చూసి, తడి ఇసుక దాటి బయల్దేరింది.

రెండో గేటు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు లేవు. మా ఆవిడ తమ్ముడి వైపు చెయ్యి చాపింది. "పంచదార వేసిన కాఫీ అక్కా," అంటూనే తమ్ముడు ఫ్లాస్కు మూత తిప్పాడు. గుర్రం కాఫీకి కూడా అభ్యంతరం చెప్పలేదు.

మూడో గేటు కనబడేసరికి పొయ్యడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు. ఈసారి మా ఆవిడ ముందే కళ్లెం సర్దుకుని, వెన్ను నిటారుగా పెట్టి, అది ఆగుతుంటే తనూ దానితో పాటే ఆగింది. ఏమీ తొందరపెట్టలేదు. మెడ నిమురుతూ, ఈ ఇంట్లో ఎవరూ లేరే, ఊరెళ్లినట్టున్నారు అని దానికి చెబుతూ కూచుంది. నా గోధుమ రంగుది ఈలోగా కంచె మీది తీగ సగం తినేసింది. తెల్లగుర్రం గేటు వైపు ఒకసారి, దారి వైపు ఒకసారి చూసి, పెద్దగా ఊపిరి వదిలి, తనంతట తనే నడిచింది.

తోట చివర ఇసుక దిబ్బల దగ్గరికి చేరాక తమ్ముడు మోపెడ్ ఆపి, మరి ఆ ఇచ్చేసే సంగతి ఎవరికైనా చెప్పమంటావా అక్కా అని అడిగాడు.

"ఎవరికీ ఇవ్వడం లేదురా. నువ్వు ముందు వెళ్లి అన్నం పెట్టించు, ఆకలేస్తోంది," అంది.

అతను వెళ్లాక, వెనక్కి పోవడానికి ఏ గేటూ తగలని అడ్డదారి ఒకటుందని చెప్పాను. మా ఆవిడ అప్పటికే తెల్లగుర్రాన్ని వచ్చిన దారికే తిప్పేసింది.