హెచ్‌డీ హేడన్ గారి శనివారాలు

ఆకాశం నుంచి ఉచితంగా దిగేదాన్ని సామరస్యంగా పంచుకోవడం మనిషికి ఇంతవరకు చేతకాలేదు. వాననీళ్ళ కోసం కాలువ గట్టు మీద తలలు పగలగొట్టుకున్న ఊళ్ళలో నేనున్నాను. వెల్ష్ కొండల్లోని మా కుమ్‌గారన్‌లో ఆ బెడద లేదు. ఇక్కడ వానకి ఎంత కొదవలేదంటే, ఎండ కాసిన రోజున జనం ఇంట్లో ఏదో అశుభం జరిగినట్టు మొహాలు పెట్టుకుంటారు. అందుకని మేము టీవీ సిగ్నల్ కోసం కొట్టుకుంటాం.

ఊరు రెండు కొండల మధ్య రోట్లో పడ్డ మినపగింజలా ఉంటుంది. దేశానికంతటికీ ఉచితంగా పంచే టీవీ సిగ్నల్ మా నెత్తి మీదుగా దర్జాగా వెళ్ళిపోతుంది తప్ప కిందికి దిగదు. బొగ్గుగని నడిచే రోజుల్లోనే గనివాళ్ళు తలా కొంత వేసుకుని కొండ మీద సిగ్నల్ పట్టే సొంత మాస్టు నిలబెట్టి, ఏరియల్ సంఘం అని పేరు పెట్టారు. తర్వాత గని మూతపడింది, సినిమాహాలు మూతపడింది, బ్యాంకు మూతపడింది. సంఘం మాత్రం మూతపడలేదు. దేవుడి కోసం చాపెల్‌కి రానివాళ్ళు కూడా, చాపెల్ వెనకగదిలో జరిగే సంఘం సమావేశానికి తడిసిన కోటుతోనైనా వస్తారు.

ఈ లోయలో సగం మంది ప్రోసర్లు, మిగతా సగం బెనన్లు. ఇంటిపేరుతో పిలిస్తే వీధంతా తిరిగి చూస్తుంది కాబట్టి పేరుకి పని తగిలిస్తారు. మాంసం కొట్టు క్లెడ్విన్, శవపెట్టెల ట్యూడర్, ఇలా. హేడన్ ప్రోసర్ గారు ఉద్యోగం చేసినంతకాలం బస్సు హేడన్. రిటైరయ్యాక ఆ పేరూ రిటైరైంది. చాలాకాలం ఆయన ఏమీ కాని వట్టి హేడన్‌గా బతికారు. ఈ ఊళ్ళో అంతకన్నా నగుబాటు ఇంకొకటి లేదు.

భార్య గ్వెన్నో పోయాక ఆయన ముందుగది తలుపు వేసి, వంటింట్లోనే తిని వంటింట్లోనే కూర్చునేవారు. ఒక ఫిబ్రవరిలో, రగ్బీ పోటీలు మొదలయ్యే ముందు, ఏమనిపించిందో గోడంత టీవీ ఒకటి కొన్నారు. ఊళ్ళో హెచ్‌డీ బొమ్మ పట్టే టీవీ అదొక్కటే. మొదటి మ్యాచ్‌కి క్లెడ్విన్ వచ్చాడు. రెండోదానికి ట్యూడర్‌ని వెంటబెట్టుకొచ్చాడు. మూడోదానికి మెట్ల మీద కూడా జనం. ఆటగాళ్ళ బూట్ల తాళ్ళు లెక్కపెట్టొచ్చని క్లెడ్విన్ క్లబ్బులో ప్రకటించాడు. ట్యూడర్ వృత్తి రీత్యా మనుషుల రంగు చూడగలవాడు కనుక, మన వింగ్ ఆటగాడికి రక్తహీనత ఉందని ఆ తెర మీదే కనిపెట్టాడు. మైదానంలో గడ్డిపరకలు విడివిడిగా కనపడుతున్నాయని హేడన్ గారే చెప్పేవారు. అంతా కళ్ళు చికిలించి తలలూపేవారు. ఆయన హెచ్‌డీ హేడన్ అయ్యారు.

ఇలా శనివారాలు నిండుగా గడుస్తుండగా కిందటి చలికాలం పిడుగుపడి, మాస్టు మీద చానళ్ళని ఇళ్ళకి పంచే పెట్టె కాలిపోయింది. ఎవరో అరువిచ్చిన పెట్టె తగిలించి రోజులు నెట్టుకొస్తున్నారు. వేసవి వచ్చేలోపు కొత్తది పెట్టాలి. కొత్త పెట్టెలో మూడు కట్టల చానళ్ళే పడతాయి. రెండు కట్టలు అందరికీ కావలసిన మామూలు చానళ్ళు, వాటి మీద తగువు లేదు. మూడో చోట ఉన్నదున్నట్టు హెచ్‌డీ కట్ట ఉంచాలా, లేక ఇంతవరకు ఈ లోయ ఎరగని కొత్త కట్ట, అంటే పాత సినిమాలు, గుర్రాల మీద తుపాకీలు పట్టే సినిమాలు, అటక మీది సామాను అమ్ముకునే కార్యక్రమాలు, ఎన్నోసారో తెలియని డిటెక్టివ్ సీరియళ్ళు, ఇవి తెచ్చుకోవాలా అన్నది ప్రశ్న. రాజ్యాంగాలు రాసుకున్న దేశాలు ఇంతకన్నా తక్కువ వాదనతో రాసుకున్నాయి. పోస్టాఫీసు వరసలో, మందుల కొట్లో, ఒకసారి ట్యూడర్ గంభీరంగా నడిపిస్తున్న అంత్యక్రియల్లో కూడా ఇదే చర్చ. నాణ్యత లేని చానళ్ళు వంద ఉన్నా దండగ అని హేడన్ గారి పక్షం. చూడటానికేమీ లేనప్పుడు ఎంత స్పష్టంగా కనిపించి ఏం లాభమని ఎదుటి పక్షం.

ఎదుటి పక్షానికి నాయకురాలు ఎలునెడ్ బెనన్. గ్వెన్నోకి అక్క. బడి వంటశాలలో గరిటె తిప్పిన మనిషి. ఆవిడ మాట తగిలితే రెండో వడ్డన అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

"నీ ఒక్కడి గోడ మీద గడ్డి మొలవడానికి మేమంతా సాయంత్రాలు గోడలు చూస్తూ కూర్చోవాలా, హేడన్?" అని ఆవిడ మందుల కొట్లో అందరి ముందూ అడిగింది.

హేడన్ గారు నాణ్యత గురించి ఏదో అన్నారు. కానీ తర్వాత బస్‌స్టాప్‌లో వాన నుంచి పక్కకి జరుగుతూ నాతో అన్నది వేరు. "ఆ బొమ్మ పోతే వాళ్ళకి మా ఇంట్లో ఏం పని చెప్పు? టీవీ ఎవరింట్లో లేదు?"

అంతలో బస్సు వచ్చింది, ఎక్కేశాం.

సమావేశానికి ముందు శనివారం స్కాట్లండ్‌తో మ్యాచ్. హేడన్ గారు ఎన్నికల ప్రచారం కింద వెల్ష్ కేకులు రెట్టింపు కాల్చి, బీరు డబ్బాలు నీళ్ళ తొట్లో పడేశారు. ఎలునెడ్‌ని కూడా పిలిచారు. ఒకసారి కళ్ళారా చూస్తే మనసు మారుతుందని ఆయన ఆశ. ఆవిడ వచ్చి, చెల్లెలి కుర్చీలో చొరవగా కూర్చుని, రెండు కేకులు తిని, ఎండుద్రాక్ష తక్కువైందని తీర్పు చెప్పింది.

"చూశావా, చెమట బొట్లు కూడా తెలుస్తున్నాయి," అన్నాడు క్లెడ్విన్.

"వానేమో," అంది ఆవిడ.

సగం ఆట అయ్యేసరికి ఆవిడకి విసుగొచ్చింది. ఇదెప్పుడు పూర్తవుతుందో, తర్వాత ఏం వస్తుందో చూద్దామని రిమోట్ అందుకుని ఒక మీట నొక్కింది. తెర కింద నీలం పట్టీ ఒకటి లేచింది. అందులో కార్యక్రమం పేరు, టైము, పక్కనే చానల్ నంబరు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని నిదానంగా చదివింది.

"హేడన్ బాచ్, ఇది ఒకటో నంబరు కదా."

బాచ్ అంటే నాయనా అని. ఆవిడ నోట ఆ మాట వచ్చిందంటే ఎవరికో మూడినట్టే.

"అవును, ఒకటే," అన్నారు హేడన్ గారు. "మొదటి చానల్ ఒకటి కాక మరేమిటి?"

"ఒకటి మామూలు బొమ్మ. హెచ్‌డీ నూట ఒకటిలో వస్తుంది. పట్నంలో మా మేనకోడలి ఇంట్లో చూశాను. నువ్వు ఇన్నేళ్ళూ మాకున్న బొమ్మనే పెద్దది చేసి చూస్తున్నావు."

విచిత్రమేమిటంటే అవమానం హేడన్ గారొక్కరిదే కాదు. తాళ్ళు లెక్కపెట్టినవాడు, రక్తహీనత కనిపెట్టినవాడు, గడ్డికి తలలూపినవాళ్ళు, అంతా ఒకే పడవలో ఉన్నారు. ఎవరూ హేడన్ గారిని ఏమీ అనలేదు. అంతా ఎలునెడ్ వైపు, శుభకార్యంలో తుమ్మిన మనిషిని చూసినట్టు చూశారు.

ఆవిడే నూట ఒకటి నొక్కింది. అప్పుడు మొదలైంది అసలు వాదన. తేడా బ్రహ్మాండంగా ఉందని ఒకడు. వెలుతురు ఎక్కువైందంతే అని ఇంకొకడు. తనకి రెండూ ఒకేలా ఉన్నాయని క్లెడ్విన్ నిజాయితీగా ఒప్పుకుని, వెంటనే నాలుక కరుచుకున్నాడు. కోచ్ మొహం మీది ముడతలు ఇప్పుడే కనిపించాయని, పాపం ఎంతో కాలం ఉండడని ట్యూడర్ నిట్టూర్చాడు. మెట్ల మీది నుంచి ఎవరో, పాతదే పెట్టండి, ఇది మరీ మొహం మీదకొస్తోంది అన్నారు. ఒకటికీ నూట ఒకటికీ మధ్య ఊగులాడుతుండగానే స్కాట్లండ్ గెలిచింది. అది ఏ నంబరులో చూసినా గెలుపే.

టీ కోసం ఎవరూ ఆగలేదు. హేడన్ గారు మిగిలిన కేకుల పళ్ళేన్ని పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆదివారానికల్లా ఆయన ఒకటో నంబరు హేడన్ అయిపోయారు.

బుధవారం చాపెల్ వెనకగదిలో సమావేశం. అధ్యక్ష స్థానంలో ట్యూడర్. హెచ్‌డీ తీర్మానం ప్రతిపాదించాల్సిన హేడన్ గారు లేచి, టోపీ చేతుల్లో తిప్పుతూ, తీర్మానం వెనక్కి తీసుకుంటున్నానన్నారు. తాను చూపించింది ఉత్త ఒకటో నంబరే అని, ఊరికి సినిమాలు రావడమే న్యాయమని అన్నారు. అక్కడితో కూర్చోవాలి. కూర్చోలేదు.

"ఇకమీదట శనివారాలు మీరు వస్తారా?"

ట్యూడర్ ముందున్న కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ ప్రశ్న అజెండాలో లేదు, హేడన్," అన్నాడు చివరికి.

అజెండాలో లేనిదానికి కుమ్‌గారన్‌లో జవాబుండదు. సినిమాల కట్టకి చేతులెత్తమన్నారు. లెక్కపెట్టాల్సిన అవసరం రాలేదు. ఎలునెడ్ చేయి ఎత్తి, దింపడం మరిచిపోయి, చాలాసేపు హేడన్ గారినే చూస్తూ కూర్చుంది.

ఆ వారం చివర్లో కొత్త పెట్టె బిగించారు. శనివారం ఫ్రాన్స్‌తో మ్యాచ్. నేను తొందరగా వెళ్ళాను. హేడన్ గారు ఈసారి కేకులు కాల్చలేదు. ముందుగదిలో నాకూ తనకూ రెండు కుర్చీలు వేసి, రిమోట్‌లో ఒకటో నంబరు నొక్కి, వీధివైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నారు. జాతీయగీతం మొదలయ్యే వేళకి తలుపు చప్పుడైంది. ఎలునెడ్. చేతిలో కేకుల డబ్బా.

"మీ వీధివాళ్ళకి చేతులు పడిపోయాయా? వానలో నిలబడి నువ్వు తలుపు తట్టు అంటే నువ్వు తట్టు అనుకుంటున్నారు," అంది. ఆవిడ వెనక క్లెడ్విన్, ట్యూడర్, మెట్లవాళ్ళు, మామూలు కన్నా ఇద్దరు ఎక్కువే. శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా జాతీయగీతానికి లేచి నిలబడితే పిచ్చివాళ్ళలా ఉంటుందని క్లెడ్విన్ సంజాయిషీ. పొద్దున్న గుర్రాల సినిమా చూశానని, బాగుందని, కానీ అందరూ చచ్చిపోయారని ట్యూడర్.

ఆట మొదలైన కాసేపటికి క్లెడ్విన్ తెరకేసి కళ్ళు చికిలించాడు.

"ఏమన్నా అనండి, బొమ్మ మునుపటిలా లేదు. పోగొట్టుకున్నాకే విలువ తెలుస్తుంది."

అవునవునని గదంతా మూలిగింది. నంబరు ఏమిటో అడగడానికి ఎలునెడ్ నోరు తెరిచింది. ఏమనుకుందో, అందులో ఒక కేకు పెట్టుకుంది.

"హెచ్‌డీ రోజులు వేరు," అని హేడన్ గారు ఒప్పుకుని, వంటింట్లోంచి స్టూళ్ళు తేవడానికి లేచారు. తెచ్చినవన్నీ చేతులు మారి అటువైపు వెళ్ళిపోయాయి, ఆయన కుర్చీలో అప్పటికే ట్యూడర్ స్థిరపడ్డాడు. కూర్చోవడానికి చోటు లేక, ఆయన మ్యాచంతా తలుపుకి ఆనుకుని నిలబడే చూశారు.