దేవీప్రసాద్ గారి ఆఖరి గోడ

దేవీప్రసాద్ గారు గీసిన ఆఖరి డ్రాయింగ్‌లో తప్పుంది. ఆయన పోయి రెండు నెలలు కాలేదు, అప్పుడే ఇలా రాస్తున్నాడేంటని కొందరికి కోపం రావచ్చు. రానీండి. నాలుగేళ్లు ఆయన దగ్గర పనిచేశాను. బతికుంటే ఈ మాట ఆయన ఎదుటే అనేవాణ్ణి.

విశాఖలో ఆయన పేరు తెలియని బిల్డరు లేడు. తండ్రి అమలాపురం దగ్గర పల్లె నుంచి పోర్టులో క్రేను నడపడానికి వచ్చారట. ఈయన పోర్టు క్వార్టర్స్‌లో పెరిగి ఆర్కిటెక్ట్ అయ్యారు. కాలనీలు, మార్కెట్లు, బస్టాపులు, బీచిలోకి దిగే మెట్లు గీశారు. అవార్డులు కూడా వచ్చాయట. నేనెప్పుడూ చూడలేదు, అలమరలో ఎక్కడో ఉండాలి.

మొదటిసారి ఆయన్ని ఆటోనగర్‌లో చూశాను. ఇంజినీరింగ్ రెండో ఏడు మానేసి అక్కడ ఓ వెల్డింగ్ షెడ్డులో చేరాను. ఆయన బస్టాపు బెంచీకి డ్రాయింగ్ పట్టుకొచ్చారు.

"ఇదెవరు గీశారు సార్? మా అమ్మ కూకుంటే కాళ్లు గాల్లో ఊగుతాయి," అన్నాను.

మా ఓనరు నా కాలు తొక్కాడు. సార్ మాత్రం ఇనప యాంగిల్స్ కట్ట మీద కూర్చుని, టేపు తీసి, "మీ అమ్మ ఎంత పొడుగు?" అని అడిగారు. చెయ్యి పెట్టి చూపించాను. బెంచీ మూడంగుళాలు తగ్గింది. వారం తిరక్కుండా నేను ఆయన ఆఫీసులో ఉన్నాను. ఏం చదివావని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నా పని ముగ్గు పోయడం. పునాది తవ్వే ముందు మేస్త్రీలు సున్నం పొడితో ముగ్గు పోస్తారు కదా, ఈయన డ్రాయింగ్ ఖాయం కాకముందే పోయించేవారు. గోడలు, తలుపులు, గట్లు, అన్నీ నేల మీద అసలు కొలతకి. గోడ ఎత్తు తెలియడానికి కర్రలు పాతి, తాడు కట్టి, దాని మీద పాత చీర ఆరేసేవాళ్లం. ఆ తర్వాత అక్కడ ఉండబోయేవాళ్లని పిలిచి అందులో తిరగమనేవారు. దువ్వాడ దగ్గర ఓ కాలనీకి అలా పోస్తే, సన్యాసమ్మ అనే ముసలావిడ లోపలికెళ్లి చతికిలబడింది.

"ఏటి బాబూ, నానిక్కడ కూకుని అన్నం తింతంటే ఎదురుగా బాత్రూం తలుపేటి? అంత సదువు సదివినావు, ఇది తెల్దా?"

సార్ పకపకా నవ్వి, ఆ తలుపు గీతని చెప్పుతో చెరిపేశారు. నలభై ఇళ్లలో ఆ తలుపు పక్కకి తిరిగింది.

ఆఖరి పని జాలరిపేటలో చేపలమ్మే ఆడవాళ్లకి షెడ్డు. అప్పటికే మంచం పట్టారు. మూడు నెలలు దిండుకి ఆనుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని గీశారు. పూర్తిచేసిన పది రోజులకి కన్నుమూశారు.

సోమవారం కాంట్రాక్టరు పునాది తవ్వాలి. శనివారం జ్యోతిర్మయి అక్క దగ్గరికెళ్లి ముగ్గు పోస్తానన్నాను. ఆవిడ సార్ కూతురు, ఆర్కిటెక్టే. ఆఫీసు ఇప్పుడు ఆవిడే నడుపుతోంది.

"వద్దు శంకర్. అది నాన్న ఆఖరి డ్రాయింగ్. ఒక్క గీత కూడా మారదు."

"తప్పుంటే?"

"నాన్న తప్పులు పట్టడానికి నువ్వెవరు?"

"నన్ను పెట్టుకున్నదే అందుకు కదక్కా."

ఆవిడ మొహం తిప్పేసుకుంది. బాధ నాకూ ఉంది. కానీ రోజుకి పది గంటలు ఆ షెడ్డులో కూర్చునేది ఆవిడా కాదు, నేనూ కాదు. కాంక్రీటు పడ్డాక చెప్పుతో చెరపడం కుదరదు.

ఆదివారం పొద్దున్నే జాలరిపేట ఒడ్డున ఇసక తడిపి ముగ్గు పోసేశాను. చేపల మీద ఇసక ఎగిరి పడకుండా సముద్రం వైపు నాలుగడుగుల గోడ గీశారు సార్. అక్కడ ఆకుపచ్చ చీర కట్టి, అక్కకి ఫోన్ చేశాను.

"పోసేశాను. తిట్టాలనుంటే ఇక్కడికొచ్చి తిట్టండి."

డ్రాయింగ్ చంకలో పెట్టుకుని వచ్చింది. అప్పటికే చేపలమ్మే నూకాలు మామ్మ, ధనలక్ష్మి, ఇంకో పదిమంది బేసిన్లూ కత్తిపీటలూ పెట్టుకుని గీతల మధ్య కూర్చున్నారు.

"బాగుందా మామ్మా?" అక్క అడిగింది.

"సోటు సాలుద్ది. నీడ కూడా ఉంటాదంటన్నారు. మీ నాన్న మంచోడమ్మా," అంది నూకాలు.

అక్క నా వైపు విన్నావా అన్నట్టు చూసింది.

"మరి ఈ సీరేటి?" అంది ధనలక్ష్మి.

"గోడ. ఇసక రాకుండా," అంది అక్క.

"గోడెడితే బోటెలా కనపడతాది?" నూకాలు గొంతు పెంచింది. "ముందు సూసినోల్లకే మంచి సేప. లెగిసి సూత్తే ఇక్కడ బేరం పోతాది, కూకుంటే అక్కడ బోటు పోతాది."

"కానీ ఇసక..."

"ఇసకొత్తే గోనె కప్పుకుంతాం. బోటు కనపడకపోతే ఏటి కప్పుకోవాలమ్మా?"

అందరూ గొల్లుమన్నారు. అక్క నవ్వలేదు.

"ఒక్కసారి కూర్చోండక్కా," అన్నాను.

నూకాలు జరిగి చోటిచ్చింది. అక్క తడి ఇసకలోనే కూర్చుంది. ఎదురుగా చీర తప్ప ఇంకేం లేదు. ఇంతలో చివర నిలబడ్డ ఒకావిడ, "వచ్చేత్తందే!" అని అరిచింది. అంతా బేసిన్లు ఎత్తుకుని పరుగు.

"ఏమైంది? ఎక్కడికి?" అక్క అటూ ఇటూ చూసింది. లేచి చీర పక్కకి వచ్చేసరికి బోటు ఒడ్డెక్కేసింది. చుట్టూ ఆడవాళ్లు, మధ్యలో వేలం మొదలైపోయింది.

అక్క వెనక్కి తిరిగి చీర వైపు చూసింది. "నాన్న ఇక్కడికొచ్చి కూర్చుని ఉంటే ఈ గోడ గీసేవారు కాదు," అంది.

నూకాలు బేసిన్ నిండా వంజరం చేపలతో తిరిగొచ్చి కూర్చుంది. అక్క మళ్లీ ఆవిడ పక్కనే కూర్చుని, "ఎంత ఎత్తుంటే సరిపోతుంది మామ్మా?" అని అడిగింది.

నూకాలు అరచెయ్యి నడుం పైన ఆనించింది. "ఇక్కడికి. గాలెక్కువైతే పైన గోనెపట్టా కట్టుకుంతాం. తగ్గితే సుట్టేత్తాం."

అక్క టేపు పెట్టి కొలిచింది. అడుగున్నర. డ్రాయింగ్ మోకాళ్ల మీద పరిచి, తండ్రి రాసిన నాలుగుని కొట్టేసి, పక్కన అడుగున్నర రాసి సంతకం చేసింది. కాగితం చెమ్మగిల్లి పెన్ను సరిగ్గా పడలేదు, రెండోసారి దిద్దింది. దిద్దాక కూడా ఆ అంకె వైపే చూస్తూ ఉండిపోయింది.

నూకాలు మోచేత్తో పొడిచింది.

"రాసేసినావు కదా, ఇంక లెగమ్మా. అది నా సోటు. బేరాలొచ్చే యేల."