నాలుక లేని గంట మోగిన మధ్యాహ్నం

దయ్యాలను నేను నమ్మను. విశ్వాసిగా నమ్మకూడదు, భౌతికశాస్త్రం బోధించినవాడిగా నమ్మలేను. వస్తువు కంపిస్తేనే ధ్వని పుడుతుందని ఉదయగిరి హైస్కూల్లో ఏటేటా బోర్డు మీద గంట బొమ్మ గీసి మరీ చెప్పాను. ఇప్పుడు రాయబోయేది ఆ పాఠానికి విరుద్ధం. అయినా జరిగింది జరిగినట్టే, వరుస తప్పకుండా రాస్తాను.

మా చర్చిలో గంట కొట్టడానికి ఒక పద్ధతి ఉంది. మరణవార్త అయితే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడమిచ్చి నెమ్మదిగా కొడతారు. పెండ్లి అయితే గబగబా, ఎడతెగకుండా. ఊళ్ళో అన్ని మతాలవారికీ ఆ తేడా తెలుసు. కొంతకాలంగా ఆ గంట సరిగా పలకడం లేదు. లోపల వేలాడే ఇనుప నాలుక ఒకవైపు అరిగిపోయి, పగిలిన కుండను తట్టినట్టు బొంగురుగా మోగేది. సంఘపెద్దగా నేను దాన్ని ఊడదీయించి, అరిగిన ముద్ద కోసి కొత్తది అతికించమని ఆత్మకూరులో ఒక లేత్ షాపులో ఇచ్చాను.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఒక విషయం తేలకుండా ఉంది. నా చెల్లెలు సుగుణ నర్సుగా పనిచేసి రిటైరైంది. అమ్మానాయనలను చూసుకోవడంలోనే ఆమె వయసు గడిచిపోయింది, పెండ్లి చేసుకోలేదు. సీతారామపురంలో ఉండే సామ్యేలు మాస్టారు భార్య పోయి చాలాకాలమైన మనిషి, పిల్లలు లేరు. సుగుణను పెండ్లాడతానని ఆయన నన్నే మర్యాదగా అడిగారు. ఈ వయసులో ఏమిటిది అన్నాను. "నేను రిటైరైంది ఉద్యోగం నుంచే గదా సార్" అని నవ్వారు.

సుగుణకు ఆయనంటే ఇష్టమే. కానీ ఒప్పుకోలేదు. "మిగిలింది గుప్పెడు రోజులు. దానికి పందిరెందుకన్నా?" అంది. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. ఆదివారం దాకా ఎదురుచూస్తానని, ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేసి నెల్లూరులో వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతానని ఆయన కబురు చేశారు. అక్కడ చోటు కూడా సిద్ధమైంది.

ఆ శుక్రవారం నేను ఆత్మకూరు వెళ్ళి నాలుక తీసుకున్నాను. తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టి, బస్సులో ఒడిలోనే ఉంచుకున్నాను. ఉదయగిరిలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. కొండ మీద ఎండ తెల్లగా కాస్తోంది. చర్చి వీధి మలుపు తిరిగానో లేదో, గంట మోగింది.

పెండ్లి గంట. గబగబా, ఎడతెగకుండా, ఖంగుఖంగుమని. ఆ మోత నా అరికాళ్ళ నుంచి తల దాకా పాకింది. భయం కాదది, క్రిస్మస్ తెల్లవారుజామున చిన్నపిల్లలకు కలిగే సంబరం. ఈ వయసులో పరుగెత్తాను. సంచిలోని ఇనుము మోకాలికి కొట్టుకుంటూనే ఉంది.

చర్చి తలుపుకు తాళం వేసి ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. వాకిట్లో అడుగుపెట్టగానే మోత ఆగింది. తలెత్తి చూశాను. గంట కదలడం లేదు. దానికి తాడు కూడా లేదు. నాలుకతోబాటే విప్పించి లోపల పెట్టించాను. గంట వేలాడే దూలం మీద పావురాలు బెదరకుండా కూర్చుని ఉన్నాయి.

ఇంటికి వెళ్ళేసరికి సుగుణ చేతులకు పిండితోనే వీధిలోకి వచ్చి నిలబడి ఉంది. "ఎవరి పెండ్లన్నా? మనకు చెప్పనే లేదే" అంది. నేను సంచి విప్పి, నాలుక తీసి ఆమె చేతుల్లో పెట్టాను. ఆమె దానికేసి చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"కొంచెమే మిగిలుండాదని నేనే గదా అన్నాను. కొంచెమే ఉన్నదాన్ని దాచుకుని ఏం చేసుకుంటాను? ఫోన్ చెయ్యన్నా."

చేశాను. తొందరలో తప్పు నంబరు నొక్కి, మళ్ళీ చేశాను. కట్టిన పెట్టెలు విప్పమంటారా అని మాత్రం అడిగారు మాస్టారు.

అంత ఉత్సాహంలోనూ పెండ్లికి ముందు చర్చిలో చదివే మూడు ఆదివారాల వివాహ ప్రకటనను నేను తగ్గించనివ్వలేదు. క్రమం క్రమమే. "మాకు వయసైపోతా ఉండాదన్నా" అని సుగుణ ఎగతాళి చేసింది.

ఆయుష్షు కొద్దిదని నేను సంఘంలో ఎన్నోసార్లు చెప్పినవాణ్ణే. కొద్దిది గనుక ఇక దేనికీ పూనుకోకూడదని కాదు, రోజు ఇచ్చిన దేవుడు దాన్ని వాడుకోమనే ఇచ్చాడని ఆ మధ్యాహ్నమే బోధపడింది.

కారణం వెతకకుండా ఊరుకోలేదు. బజారులోని మరో చర్చిలో విచారించాను. వారిది మైకులో వేసే గంట; ఆ వేళకు ఊళ్ళో కరెంటు లేదు. చర్చి ఎదుటి టైలరు తనకేమీ వినపడలేదన్నాడు. విన్నది మేమిద్దరమే.

సుగుణ కోరిక మీద నాలుకను పెండ్లినాడే బిగించి, మొదటిసారి మోగించాం. పాత బొంగురు లేదు. ఖంగుమని, తేటగా, కొండ దాకా వెళ్ళి తిరిగివచ్చే మోత. నేను నిలుచున్నచోటే బిగుసుకుపోయాను. ఆ శుక్రవారం విన్నది పాత గొంతు కాదు, ఇదే. అప్పటికి ఆ గంట ఒక్కసారైనా అలా పలికి ఉండలేదు.

పాస్టరు అయ్యగారి ముందు నిలబడిన పెండ్లికూతురు వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఆమె కూడా గుర్తుపట్టింది. నా శాస్త్రంలో దీనికి జవాబు ఈనాటికీ దొరకలేదు. ఆ క్షణాన మాత్రం నేను జవాబు అడగలేదు. ఇంకా గట్టిగా కొట్టమని తాడు పట్టుకున్నవాడికి సైగ చేశాను.